తొమ్మిదింటికి గేటు మూస్తారు

(పాఠశాల స్వర్ణోత్సవాల్లో భాగంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో, 1990 పదో తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరుసల్లో మాట్లాడుకుంటున్న మా బ్యాచ్ వాళ్ళకు ఏమీ చెప్పను. ముప్పై అయిదేళ్ళ కిందట చెబితేనే వినలేదు.

"మీరు ఏటా బండ్లేసుకుని నాలుగు రోజులు తిరిగొస్తారట కదా, ఎలా ప్లాన్ చేస్తారో చెప్పండి, మా బ్యాచ్ కూడా పోదామనుకుంటోంది" అని సంఘం కార్యదర్శి అడిగారు. దానికి పావుగంట ప్రసంగం ఎందుకు, వాట్సాప్‌లో పంపిస్తా అన్నాను. "కాదన్నా, మైకులో చెప్పు" అన్నారు. సరే, చెబుతాను. అయితే మేం బాగా చేసిన యాత్ర కంటే ముందు, చెడగొట్టుకున్న యాత్ర గురించి చెప్పాలి. ఆ సంగతి చెబుతానని, ఎవరికి అన్యాయం జరిగిందో వాడి దగ్గర అనుమతి తీసుకునే వచ్చాను. పేరు చెప్పను. ఈ హాల్లోనే ఉన్నాడు, మా వాళ్ళందరూ ఇప్పుడు వాడి వైపే చూస్తున్నారు.

ముందుగా మన బడి ఎక్స్‌కర్షన్ ఒకటి గుర్తు చేస్తాను. 1989లో మేం తొమ్మిదో తరగతి. నాగార్జునసాగర్ తీసుకెళ్ళారు. ఒక్క బస్సు, అరవై మందికి పైగా పిల్లలం, బస్తాడు మరమరాలు, రెండు బుట్టల అరటిపళ్ళు. అప్పుడు ఎల్బీనగర్ దాటితే ఊరు అయిపోయినట్టే లెక్క. సాగర్ రోడ్డు ఎక్కగానే రెండు పక్కలా పొలాలు. ఇప్పుడు బీఎన్ రెడ్డి నగర్ దాటేసరికే ఒక్కోసారి గంట పడుతోంది. ఆ రోజు మా పీటీ సార్ బస్సు ఆగిన ప్రతి చోటా దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి తలలు లెక్కపెట్టారు. లాంచీలో నాగార్జునకొండకు పోయేటప్పుడు కూడా లెక్కపెట్టారు. చుట్టూ నీళ్ళే, ఎక్కడికి పోతాం అని మేం నవ్వుకున్నాం. సార్ లెక్క తప్పనివ్వలేదు. ఈ సంగతి మళ్ళీ వస్తుంది.

ఇక 2019. ఆగస్టు 15 గురువారం, ఆ రోజే రాఖీ కూడా. శుక్రవారం సెలవు పెడితే నాలుగు రోజులు కలిసొస్తాయి. పైగా ఆ ఏడు కృష్ణకు పెద్ద వరద. శ్రీశైలం గేట్లు ఎత్తారు, సాగర్ గేట్లూ ఎత్తారు. అయిదు బండ్లు, ఏడుగురం. ప్లాను నాది. నాకు ఎక్సెల్ షీటు పిచ్చి. పదకొండింటికి ఎల్బీనగర్ రింగు రోడ్డు, పన్నెండింటికి కడ్తాల్, ఒంటిగంటన్నరకు డిండి, నాలుగింటికి శ్రీశైలం. మర్నాడు దోర్నాల, యర్రగొండపాలెం, మాచర్ల మీదుగా సాగర్. గదులకు మూడు నెలల ముందే డబ్బు కట్టేశాను. రద్దు చేస్తే పైసా వెనక్కి రాదు. ఆ షీటుకు రంగులు కూడా వేశాను. మీకు నవ్వొస్తోంది, నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

రాఖీ రోజు పదకొండింటికి బయల్దేరడమేమిటి? ఒకడి చెల్లెలు వనస్థలిపురంలో, ఇంకొకడి అక్క కూకట్‌పల్లిలో. రాఖీలు కట్టించుకుని, అక్కల చేతి భోజనం చేసి, చైతన్యపురిలో ఒకడి కోసం ఇంకొకడు ఎదురుచూసి, కదిలేసరికి మూడున్నర. చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్, తుక్కుగూడ దాకా జనమే. ఆమనగల్లు దాటాక వాన. డిండికి చేరేసరికి చీకటి పడింది.

శ్రీశైలం దారి తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. మన్ననూరు దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు ఉంటుంది. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిదింటికి గేటు మూస్తే మళ్ళీ పొద్దున ఆరింటికే. అవతల దోర్నాల వైపు కూడా అదే పద్ధతి. జంతువుల కోసం పెట్టిన నియమం అది. మన గదికి డబ్బు కట్టేశామంటే వినరు, వినకూడదు కూడా.

హాజీపూర్ చౌరస్తాకు కాస్త ముందు మావాడి బండి క్లచ్ వైరు తెగింది. టైము ఎనిమిది కావస్తోంది. పండగ రోజు, అందులో రాత్రి, మెకానిక్ దొరకడు. అందరూ నా వైపు చూశారు. నేను వాచీ చూసుకున్నాను. "అరేయ్, నువ్వు అచ్చంపేట పోయి ఏదన్నా లాడ్జిల పండు. పొద్దున బండి చేయించుకుని రా. మేం పోతం, లేకుంటే గేటు మూస్తరు" అన్నాను. వాడు "సరే, పోండ్రి" అన్నాడు. అంతే అన్నాడు.

మేం ఎనిమిది యాభైకి గేటు దాటాం. దాటాక సంబరపడ్డాం కూడా. వటవర్లపల్లి దాటాక ఒకచోట ఆగినప్పుడు నా బండి పక్క డబ్బా తెరిచాను. అందులో వాడి బ్యాగు. వాడి బండికి క్యారియర్ లేదని, నా డబ్బాలో వేయమని పొద్దున నేనే అన్నాను. వాడికి షుగర్. ఇన్సులిన్, మాత్రలు, బిస్కెట్లు, అన్నీ ఆ బ్యాగులోనే. ఫోనుకు సిగ్నల్ లేదు. వెనక్కి తిరిగినా గేటు మూసేసి ఉంటుంది.

ఆ రాత్రి శ్రీశైలంలో, మూడు నెలల ముందు డబ్బు కట్టిన ఆ గదిలో, ఎవరమూ నిద్రపోలేదు.

వాడు ఆ రాత్రి రోడ్డు పక్క ఒక చాయ్ హోటల్ బల్ల మీద గడిపాడు. అచ్చంపేటకు పోవడానికి ఏ బండీ ఆగలేదట. హోటల్ ఆయన రెండు జొన్న రొట్టెలు పెట్టి, పైసలు తీసుకోలేదట. ఇన్సులిన్ లేక పొద్దునకు ఒళ్ళు తూలిపోతుంటే, బండిని ఒక డీసీఎంలో ఎక్కించుకుని ఇంటికొచ్చేశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళ డాక్టరు దగ్గరికి నేరుగా పోయాడు. ఇదంతా మాకు వాడు చెప్పలేదు. వాళ్ళావిడ మా ఇంట్లో చెప్పింది.

మేం మర్నాడు సాగర్ చేరాం. కొండకు లాంచీలో పోయి మ్యూజియం చూద్దామని షీటులో నీలం రంగుతో రాసుకున్నాను. శుక్రవారం నాగార్జునకొండ మ్యూజియానికి సెలవు. మూడు నెలలు ప్లాను వేసినవాడికి ఆ సంగతి తెలియదు. గేట్లు చూడ్డానికి వచ్చిన జనంతో డ్యామ్ దగ్గర అడుగు తీసి అడుగు వేయలేని పరిస్థితి. ఎవరికీ చూడాలని కూడా లేదు.

తర్వాత కరోనా వచ్చింది. అది ఒక సాకయింది. మూడేళ్ళకు పైగా వాడు మా గ్రూపులో ఒక్క మాట రాయలేదు. పుట్టినరోజు శుభాకాంక్షలు చెబితే చేతులు జోడించిన బొమ్మ పెట్టేవాడు, అంతే.

2022 డిసెంబరులో మా బ్యాచ్ వాడే ఒకడు అమెరికా నుంచి వచ్చాడు. మిన్నెసోటాలో ఉంటాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాం. వాడు ఫోనులో ఫొటోలు చూపించాడు. మంచు మీద నడిచే బండ్లు, స్నోమొబైల్ అంటారు. ముందు రెండు స్కీలు, వెనక టైరుకు బదులు రబ్బరు పట్టా. అక్కడ వాటి కోసమే వేసిన దారులు ఇరవై వేల మైళ్ళకు పైగా ఉన్నాయట. డిసెంబరు ఒకటి నుంచి ఏప్రిల్ ఒకటి దాకా తెరిచి ఉంచుతారు, అదీ మంచు ఉంటేనే. ఆఫీసు స్నేహితులతో ఏటా మూడు నాలుగు రోజులు పోతాడట. ఊరు నుంచి ఊరికి, రాత్రికి ఏదో మోటెల్.

"తేదీ ఎప్పుడు పెట్టుకుంటర్రా?" అని అడిగాను, నా అలవాటు కొద్దీ.

"తేదీ పెట్టుకోం" అన్నాడు. "మంచు ఎప్పుడు పడ్తదో మనకేం తెలుసు? జనవరిల రెండు వారాలు ఎవ్వరూ వేరే పని పెట్టుకోరు, అంతే. మంచు వార్తలు చూస్తం. మా దగ్గర పడకుంటే బండ్లు ట్రెయిలర్ మీద వేసుకుని పక్క రాష్ట్రం పోతం. మిషిగన్ పై భాగంల సుపీరియర్ సరస్సు ఉంటది. దాని మీదికెళ్ళి వచ్చే గాలి నీటి తేమను ఎత్తుకొచ్చి మంచు కుమ్మరిస్తది. ఇక్కడ లేకుంటే అక్కడుంటది."

ఇంకో మాట కూడా చెప్పాడు. దారిలో మలుపు వస్తే ముందువాడు మలుపు తిరిగి పోడట. అక్కడే ఆగుతాడు. వెనకవాడి దీపం కనపడ్డాకే కదులుతాడు. వాడూ అంతే, తన వెనకవాడి కోసం. అడవిలో, మంచులో, సున్నాకు ఇరవై డిగ్రీలు కిందున్న చలిలో ఒకడు తప్పిపోతే బతకడు. అందుకని అది అక్కడ మర్యాద కాదు, నియమం.

నేను చాయ్ కప్పు పక్కన పెట్టేశాను. మావాడికి హాజీపూర్ సంగతి తెలియదు. చెప్పాం. "లేవండ్రా" అన్నాడు. అప్పటికప్పుడు హయత్‌నగర్ పోయి, మా షుగర్ వాడి ఇంటి తలుపు కొట్టాం.

క్షమాపణ ఎలా చెప్పాలో నాకు చేతకాలేదు. గేటు మూస్తారని, గదికి పైసలు కట్టామని మళ్ళీ అదే మొదలుపెట్టాను. వాడు ఆపాడు. "బండి ఆగిందని కోపం కాదు. గేటు సంగతి నాకూ తెలుసు. ఏడుగురిల ఒక్కడన్నా నీ బ్యాగు ఏదిరా అని అడిగిండా? పీటీ సార్ ఉంటే అడగకపోవునా?" అన్నాడు. వాళ్ళావిడ చాయ్ తెచ్చింది, చక్కెర లేకుండా, అందరికీ.

ఆ రాత్రి నుంచి మా ప్లాను మారింది. కార్యదర్శి అడిగింది ఇదే, ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను.

మేం ఇప్పుడు తేదీ పెట్టం. జులై మధ్య నుంచి అక్టోబరు దాకా ఎవరెవరికి ఏ రోజుల్లో అసలు కుదరదో అది మాత్రం రాస్తాం. కూతురి అడ్మిషన్, ఆడిట్, అత్తగారి సంవత్సరీకం. ఎప్పుడు వస్తావ్ అని అడిగితే ఎవరూ చెప్పరు. ఎప్పుడు రాలేవ్ అని అడిగితే అందరూ చెబుతారు. ఈ చిన్న తేడా కనిపెట్టడానికి మాకు యాభై ఏళ్ళు దగ్గరపడ్డాయి. మిగిలిన ఖాళీల్లో రెండో మూడో నాలుగేసి రోజుల గళ్ళు తేలతాయి. వాటిలో లాంగ్ వీకెండ్‌లను కొట్టేస్తాం.

తర్వాత నీటి మట్టం చూస్తాం. మిన్నెసోటా వాడికి మంచు ఎలాగో, మనకు కృష్ణ అలాగ. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. పేపర్లో రోజూ వేస్తారు. పైన ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల నిండి నీళ్ళు వదిలితే శ్రీశైలానికి వస్తాయి. శ్రీశైలం నిండితే పన్నెండు గేట్లలో కొన్ని ఎత్తుతారు. ఆ నీళ్ళతో సాగర్ నిండితే అక్కడి ఇరవై ఆరు గేట్ల వంతు వస్తుంది. అంటే ముందు ఎక్కడికి పోవాలో నదే చెబుతుంది. గేట్లు ఎత్తిన మొదటి ఆదివారం మాత్రం పోవద్దు. ఘాట్ రోడ్డు మీద కార్ల వెనక పొగ పీల్చడానికి అంత దూరం ఎందుకు, మన కొత్తపేటలోనే పీల్చవచ్చు.

నీళ్ళు రాకపోతే? 2023లో కృష్ణకు సరైన వరద రాలేదు. అలిగి ఇంట్లో కూర్చోలేదు. దిక్కు మార్చాం. నాగోలు, ఉప్పల్ మీదుగా భువనగిరి దారి పట్టి వరంగల్, అక్కడి నుంచి రామప్ప, లక్నవరం. రామప్పకు 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు అందరూ చూడాలనుకున్నవాళ్ళే, ఎవరూ పోనివాళ్ళే. మన ఎల్బీనగర్ వాళ్ళకు ఒక అదృష్టం ఉంది. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు మన గడప ముందే మొదలవుతాయి. రింగు రోడ్డు పట్టుకుంటే శ్రీశైలం రోడ్డు ఒక పక్క, వరంగల్ రోడ్డు ఒక పక్క. బయల్దేరే రోజు పొద్దున చౌరస్తాలో చాయ్ తాగుతూ దారి ఖరారు చేయవచ్చు. మాదాపూర్‌లో ఉండేవాళ్ళకు ఆ భాగ్యం లేదు. వాళ్ళు మన దాకా రావడమే ఒక యాత్ర.

డబ్బు విషయం కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు మావాణ్ణి వదిలేసింది నేనే అయినా, నన్ను తోసింది ఆ గది డబ్బు. ఇప్పుడు నెలకు తలా అయిదు వందలు ఒక ఖాతాలో వేస్తాం. దాని పేరు "పోయిన పైసలు". అది పోయిన డబ్బు కిందే లెక్క. కట్టిన గదికి చేరలేకపోతే ఆ ఖాతాలోంచి పోతుంది, ఎవరూ కిమ్మనరు. బండి ఆగితే ఆటో ట్రాలీకి అందులోంచే. మొదటి రాత్రికి తప్ప గది ముందుగా తీసుకోం. అయితే శివరాత్రికి, కార్తీక సోమవారాలకు శ్రీశైలంలో ఇలా చేస్తే సత్రం అరుగు మీద పడుకోవాల్సిందే. మేం ఆ రోజుల జోలికి పోం.

దారి ఎప్పుడూ చుట్టు దారి పెట్టుకుంటాం, మధ్యలో తెంచుకునే వీలున్నది. శ్రీశైలం, దోర్నాల, మాచర్ల, ఎత్తిపోతల, సాగర్, కొండమల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం, ఎల్బీనగర్. ఇది పూర్తి చుట్టు. అడవి దాకా పోలేమనిపిస్తే డిండి దగ్గరే ఎడమకు తిరిగి దేవరకొండ మీదుగా కొండమల్లేపల్లికి వచ్చి సాగర్ రోడ్డు ఎక్కవచ్చు. దీనివల్ల ఇంకో మేలు. మాలో ఒకడి తల్లి మంచం మీద ఉంది. నాలుగు రోజులు ఇల్లు వదల్లేడు. వాడు ఎల్బీనగర్‌లో పొద్దున్నే సాగర్ బస్సు ఎక్కి వచ్చి, మధ్యాహ్నం మాతో చేపల పులుసు తిని, ఒక పూట ఉండి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతాడు. నాలుగు రోజులు రాలేనివాణ్ణి అసలు రావద్దన్నట్టుండేది నా పాత షీటు. ఇప్పుడు వాడు కూడా "మన ట్రిప్పు" అంటాడు.

ఇన్ని సడలించినా మూడు విషయాల్లో మాత్రం బేరం లేదు. గేటు, చీకటి, మందులు. సాయంత్రం అయిదు లోపు డిండి దాటకపోతే ఆ రోజు అడవిలోకి పోం. కల్వకుర్తిలోనో దేవరకొండలోనో ఆగిపోతాం. చీకట్లో బండి నడపం. యాభై ఏళ్ళ కళ్ళకు ఎదుటి లారీ లైటు పడితే గేదె కనపడదు. ఎవరి మందులు వాళ్ళ ఒంటి మీదే ఉండాలి, నడుముకు కట్టుకునే సంచిలో. ఇంకొకడి డబ్బాలో పెట్టకూడదు. ఇంకా, అందరికంటే నెమ్మదిగా నడిపేవాడు ముందు ఉంటాడు. గట్టిగా నడిపేవాడు వెనక ఉంటాడు, వాడికి కష్టమే, ఓర్చుకుంటాడు. మలుపు దగ్గర ఆగడం మిన్నెసోటా పద్ధతే. మాకు మంచు లేకపోయినా మలుపులున్నాయి.

ఎవరి మాట చెల్లాలన్నది పెద్ద గొడవ. రోజుకొకరు పెద్ద. ఆ రోజు వాడు "ఆగుదాం" అంటే ఆగడమే. "పోదాం" అంటే మాత్రం మిగతావాళ్ళలో ఒక్కడు కాదన్నా ఆగుతాం. ఆగడానికి ఒక్కడు చాలు, పోవడానికి అందరూ కావాలి.

దీనికి పరీక్ష నిరుడే వచ్చింది. 2024 ఆగస్టు 31, శనివారం. భద్రాచలం పోదామని సూర్యాపేట దారి అనుకుని పొద్దున ఆరింటికి చౌరస్తాలో చేరాం. రాత్రి నుంచి వాన. ఆ రోజు పెద్ద ఎవరో తెలుసా? మా షుగర్ వాడు. చాయ్ తాగాడు, ఆకాశం చూశాడు, ఖమ్మంలో ఉన్న వాళ్ళ బావమరిదికి ఫోను చేశాడు. "ఇంటికి పోదాం" అన్నాడు. నాకు లోపల పాత షీటు మళ్ళీ లేచింది. హెల్మెట్లు పెట్టుకుని, రెయిన్‌కోట్లు వేసుకుని, ఇక్కడి దాకా వచ్చి తిరిగి పోవడమా? కానీ నోరు మెదపలేదు. వనస్థలిపురంలో ఒక బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిని ఎనిమిదిన్నరకు ఇళ్ళకు చేరాం. మర్నాడు సెప్టెంబరు ఒకటి. మున్నేరు ఖమ్మాన్ని ముంచింది, విజయవాడ మునిగింది, నందిగామ దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్ళొచ్చి బండ్లు ఆగిపోయాయి. మా యాత్రల చరిత్రలో మేం అసలు పోని ఆ యాత్రే అన్నిటికంటే బాగా జరిగిందని మా ఇళ్ళలో అంటారు. అందులో వాళ్ళ స్వార్థం కూడా ఉందని నా అనుమానం.

మూడు వారాల తర్వాత సాగర్ పోయాం. శుక్రవారం కాకుండా చూసుకున్నాం. ముప్పై అయిదేళ్ళ తర్వాత మళ్ళీ ఆ లాంచీ. ఎక్కేటప్పుడు మా షుగర్ వాడు గట్టు మీద నిలబడి వేలు చూపిస్తూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. పక్కనున్న కుటుంబాలు చూసి నవ్వాయి. దిగేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టాడు. ఇప్పుడు మా వెనక బండి వాడిదే. వాడి దీపం కనపడందే ఎవరమూ మలుపు వదలం.

ఈ ఏడు ఇంకో బ్యాచ్ వాళ్ళు కూడా వస్తామంటున్నారు. సంతోషం. పన్నెండు బండ్లు దాటితే రెండు గుంపులుగా పోదాం, ఒకే గుంపుగా అయితే మలుపు దగ్గర ఆగడం అయ్యే పని కాదు. రావాలనుకునేవాళ్ళు భోజనాల దగ్గర మా షుగర్ వాడికి మీకు కుదరని రోజులు రాసివ్వండి. నోటుబుక్కు వాడి దగ్గరే ఉంది. ఎక్సెల్ షీటు నా చేతికి ఇవ్వడం లేదు. తేదీ మాత్రం ఇప్పుడే అడగొద్దు. పొద్దున పేపర్ చూశాను, శ్రీశైలం ఇంకా 885కి చాలా కింద ఉంది.